ఊపిరి తిన్న సున్నం

మూతపడ్డ రొయ్యపిల్లల హేచరీ వెనక
పగుళ్లకి సిమెంటు పూసిన తొట్టిలో
నలభై మూడేళ్లకి
ఊపిరి తీయడం నేర్చుకుంటున్నాను.

నేర్పేది సూరాడ సుగుణ.
మా చింతపల్లి గుంటే.
చిన్నప్పుడు తెప్ప మీంచి తోసేస్తే
ఏడవకుండా ఈదుకొచ్చి నా చెయ్యి కరిచింది.
ఇప్పుడు రెండు మణికట్లకీ రెండు గడియారాలు కట్టుకుని
"ఎర్రన్న మావా, బిగబట్టకు" అంటది.

బిగబట్టకు!
వల రాళ్లకి పట్టేసినప్పుడల్లా
ఊళ్లో నన్నే పిలిచేవారు.
బండరాయి ఒళ్లో పెట్టుకుని దిగి
నూట నలభై లెక్కపెట్టేదాకా
గుండెని గుప్పిట్లో మూసుంచేవాణ్ణి.
నాకున్న ఆస్తల్లా ఆ నూట నలభై అంకెలు.
వాటిని చింతపిక్కల్లా
తొట్టిలో పారబోసేమంటోందీ పిల్ల.

వీపున పసుపుపచ్చ పెట్టె.
భుజాల మీద రెండు తిత్తులు, కొలిమివాటిలా.
నోటికి అటూ ఇటూ మడతల గొట్టం.
వదిలిన ఊపిరి నీళ్లలోకి పోదు.
పెట్టెలో సున్నపు పలుకుల మధ్య నడిచి
చెడుగంతా అక్కడ దించేసి
చిటికెడు ఆక్సిజన్ కలుపుకుని
మళ్లీ నా నోటికే వస్తుంది.
పొద్దున్న ఇచ్చిన చేబదులు
సాయంత్రం అదే నోటుగా తిరిగొచ్చినట్టు,
కాస్త నలిగి, వెచ్చగా.

"సున్నమంటే ఏటి సున్నం?"
"సున్నమే మావా.
మీ మామ్మ కాల్చేదే, కాస్త చదువుకున్నాది."

మణికట్టు మీద మూడు అంకెలు వెలుగుతుంటాయి.
మూడూ ఒకే మాట చెబితే నమ్మాలి.
ఒకటి అడ్డం తిరిగితే మిగతా రెంటి మాట వినాలి.
మూడూ మూడు దార్లు పడితే
ఎవరినీ నమ్మక పక్కసీసా అందుకోవాలి.
మా కులపెద్దల తగువులు చూసినోణ్ణి,
ఈ పాఠం ఒక్కపూటలో వచ్చేసింది.
"అంకె పడిపోతే నొప్పి తెలీదు మావా,
కునుకు పట్టినట్టుంటది, అంతే."
ఆ రాత్రి కునుకు పట్టబోతే
రెండుసార్లు లేచి కూచున్నాను.

పదకొండో రోజు సముద్రం.
లైట్‌హౌస్‌కి ఎదురుగా మునిగిన పాత ఓడ.
దానికి చుట్టుకున్న చచ్చిన వలలు కొయ్యడం పని,
రోజుకి రెండువేల అయిదొందలు.

బుడగల్లేవు.
పీల్చినా పైకి లేవను, వదిలినా దిగను.
నీళ్లకి నా సంగతి తెలియనట్టుంది.
గొరకలు గుర్రుగుర్రుమంటున్నాయి,
తాత తెడ్డు ముంచి పిడికి చెవి ఆనించి
"ఇక్కడున్నాయిరా" అనేవాడే, ఆ గుర్రు.
ఆయన తలుపు బయట నిలబడి విన్నాడు.
నేను వాటింట్లో ఉన్నాను.
ఓ చారల చేప నా కళ్లద్దంలో
తన మొహం చూసుకుని పోయింది.

కత్తి పెట్టబోయిన చోట
ముడి కనిపించింది.
ఎడమచేతివాటం, రెండు మెలికలు, చివర లోపలికి.
ఈ తీరాన అలా ముడేసేది నేనొక్కణ్ణే.
పోటు ఎక్కువని పదేళ్ల కిందట
తెంపుకుని వదిలేసిన వల.
అందులో తాబేలు డిప్ప ఒకటి
ఇంకా నా ముడి పట్టుకుని ఊగుతోంది.

ఒకటి, రెండు, మూడు...
ఎప్పుడు మొదలెట్టానో,
అరవై దగ్గరున్నాను.
సుగుణ వచ్చి భుజం తట్టి
తన రొమ్ము మీద అరచెయ్యి ఆనించి చూపించింది:
ఊపిరి.
తీశాను.
కోశాను. నా ముడిని నేనే, మూడు కోతల్లో.

ఒడ్డున పెట్టె విప్పి
వాడేసిన సున్నం గోనె మీద దిమ్మరిస్తుంటే
గవ్వలో కాలి పోయిందే, నీ ఊపిరిలో మళ్లీ చేరిందంది సుగుణ.
ఇదిప్పుడు సున్నం కాదట, గవ్వపిండేనట.
మామ్మ బట్టీ పొగ
ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగిందో!

మేనత్త బంగారి తమలపాకు చాపింది.
"ఓ రవ్వ రాయరా."
"నా ఊపిరి తిన్న సున్నమత్తా,
నోరు పండదు."
"నీ ఊపిరికి అంత సీనా," అని
వేలితో తీసి వాసన చూసి
చీరకి తుడుచుకుంది.